శుభ్రమైన నీళ్ళు

దొసిందా గొర్రు ఎక్కడ దింపితే అక్కడ చచ్చిన గుల్లలే పైకొచ్చాయి.

బతికున్న గుల్లకి ఇనుప పన్ను తగలగానే టక్కున నోరు మూసుకుంటుంది. ఆ టక్కు కర్ర పట్టుకుని పైకి పాకి అరచేతికి తెలుస్తుంది. నలభై ఒక్క ఏళ్ళుగా ఆ టక్కు కోసమే ఇసకలో వెతుకుతున్న చెయ్యి దొసిందాది. ఆ సోమవారం పొద్దున సముద్రం బాగా వెనక్కి తగ్గి, ఇసక మేటలన్నీ బయటపడి, నలభైమంది ఆడవాళ్ళు నడుములు వంచి పనిలో ఉంటే, ఆవిడ చేతికి మాత్రం ఏమీ తెలియలేదు. వంగి ఒక గుల్ల తీసింది. నోరు వెళ్ళబెట్టుకుని ఉంది. లోపల మాంసం లేదు, బూడిదరంగు బురద ఉంది. ఇంకొకటి తీసింది. ఇంకొకటి. పోయినేడాది చంటిపిల్లల్ని పడుకోబెట్టినట్టు చేత్తో చల్లిన పిల్లగుల్లలు అవి, గోరంత గోరంతవి. గోరంతగానే చచ్చిపోయాయి.

"సబేలా! ఇట్రావే!"

సబేలా ఆవిడ ఆడపడుచు. బకెట్టు ఈడ్చుకుంటూ వచ్చింది. దొసిందా చూపుడువేలు ఇసకలో దించి పైకి తీసి చూపించింది. రెండో కణుపు దాకా బూడిదరంగు.

"వాసన చూడు."

"నువ్వు చూశావుగా వదినా, నాకెందుకు మళ్ళీ?"

"చూడవే అంటే!"

సబేలా ముక్కు దగ్గర పెట్టుకుని మొహం తిప్పేసుకుంది. తమ బురద నల్లగా ఉంటుంది, కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. ఆ కంపుకి వాళ్ళెవరికీ బాధ లేదు, దాంతోనే పుట్టి పెరిగారు. ఇది పాత ఓడల రంగు వాసన, తుప్పు వాసన, డీజిలు వాసన.

"రేవుది," అంది సబేలా.

"మరి కాక? నడిచొచ్చిందా ఇక్కడికి?"

రేవుని లోతు చేసే పని మార్చిలో మొదలైంది. తవ్విన బురదని ఒక బార్జీ పడవలో నింపుకుపోయి, సముద్రపు పాయ నోటి బయట, దీవి వెనకాల పారబోసి వస్తారు. అక్కడినుంచి అది ఎటూ పోదు, పోతే గీతే బయటి సముద్రంలోకి పోతుంది అని అనుమతి కాగితంలో రాసుకున్నారు. ఆ అనుమతి ఈ శుక్రవారంతో అయిపోతుంది. అదే రోజు పొడిగిస్తారట, మళ్ళీ పద్దెనిమిది నెలలు. పద్దెనిమిది నెలల బురద ఈ మేటల మీద పడితే ఇక గొర్రు పట్టుకునే పనే ఉండదు, అరెయోస ఊళ్ళో ఆడవాళ్ళకి ఇంకో పనీ లేదు.

ఆ మధ్యాహ్నమే గుల్లలు తీసేవాళ్ళ సంఘం హాల్లో మీటింగు పెట్టారు. రేవు ఆఫీసు తరఫున లోసాదా అనే ఇంజనీరు వచ్చాడు. మంచి మర్యాదస్తుడు, నిలబడి అందరికీ నమస్కారం చెప్పాకే కూర్చున్నాడు. ఆ మర్యాద చూసినప్పుడే దొసిందా పక్కనున్న సంచి చేతిలోకి లాక్కుంది.

"అమ్మా, మేం చెప్పడం కాదు," అన్నాడు అట్టపుస్తకం లాంటి నివేదిక తెరిచి. "ఉత్తరపు గాలి వీచినప్పుడు పైనీళ్ళు పాయలోంచి బయటికే పోతాయి. కొలిచి చూశాం. ఈ వేసవిలో ఎక్కువగా ఉత్తరపు గాలే. అంచేత బురద మీవైపు రావడానికి వీల్లేదు. ఇదిగో, మీ వాంగ్మూలం కూడా ఉంది." కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "'దక్షిణపు గాలికి మా నీళ్ళు చెడతాయి. ఉత్తరపు గాలికి శుభ్రపడతాయి. ఎప్పుడూ ఇంతే.' కింద నలభై మూడు సంతకాలు."

హాలంతా దొసిందా వైపు తిరిగింది.

మార్చి నెలలో పరిశోధన సంస్థనుంచి ఒక పిల్ల ప్రశ్నల కాగితం పట్టుకుని వస్తే, జవాబులు చెప్పింది దొసిందానే. తను చెప్పి, తనే కాగితం తిప్పి, అందరిచేతా సంతకాలు పెట్టించింది.

"శుభ్రం అన్నానండీ, అంటే..." అని లేచింది.

"అన్నారు కదమ్మా. మేమూ అదే అంటున్నాం," అన్నాడు లోసాదా. అతను నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, ఆవిడ చేతిలో సంచి విసిరేసి ఉండేది.

బయటికొచ్చాక సబేలా ఊరుకోలేదు. "మా వదిన నోరు మా ఇంట్లోనే పెద్దదనుకున్నా. నివేదికల్లోకి కూడా ఎక్కిందన్నమాట!"

"నోర్ముయ్యి."

"ఆ మాటేదో మార్చిలో నీకు నువ్వే చెప్పుకోవాల్సింది."

దొసిందా ఇంటికి పోయి, పొద్దుటి క్యాబేజీ చారు వేడిచేసుకుని, తినకుండా మళ్ళీ మూతపెట్టేసింది. పడుచుతనంలో మేట మీదే నొప్పులు మొదలైతే బకెట్టు నింపుకునే ఇంటికెళ్ళిన మనిషి. అలాంటిది, తన నోటి మాట తీసుకుని తననే కొడితే ఎలా ఓర్చుకోవాలో ఆవిడకి తెలియలేదు.

మంగళవారం పని అవగానే బూట్లు కూడా విప్పకుండా పడవల రేవుకి పోయింది. ప్రశ్నలడిగిన పిల్ల పేరు ఉషియా. ముప్పై ఏళ్ళుంటాయి, ఎండకి ముక్కు మీద తోలు ఊడి ఉంటుంది. పరిశోధన పడవ మీద కూర్చుని తాడు చుడుతోంది.

"ఏమ్మా, మా ఇంట్లో కాఫీ తాగి, మొక్కజొన్న రొట్టె తిని, మా మాటే మా మెడకి చుడతావా?"

ఉషియా లేచి నిలబడింది. "నేను మీరు చెప్పిందే రాశానండీ. ఒక్క అక్షరం మార్చలేదు."

"శుభ్రం అంటే ఏమిటని అడిగావా?"

"శుభ్రం అంటే... శుభ్రమే కదండీ."

"చల్లనీళ్ళే పిచ్చిదానా! శుభ్రమైన నీళ్ళంటే చల్లనీళ్ళు! ఉత్తరపు గాలికి పైనీళ్ళు బయటికి పోతాయా, ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లనీళ్ళు లోపలికి దూరి పైకొస్తాయి. బూట్లలో కాళ్ళు కొంకర్లు పోతాయి. గుల్లల్ని విషం చేసే ఎర్రనీరు కొట్టుకుపోతుంది, గుల్ల తీసుకోవచ్చని కబురొస్తుంది. అందుకే శుభ్రం అంటాం. అందులో బురదుందా, పేడుందా అని కాదు. ఎర్రనీరు లేదని!"

ఉషియా చేతిలో తాడు అలాగే ఉండిపోయింది.

"అడుగునుంచి లోపలికి," అంది నెమ్మదిగా.

"మరి ఎక్కణ్ణించి వస్తాయి, ఆకాశంనుంచా?"

ఆ పిల్ల చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది. పాయ నోటి దగ్గర సముద్రం అడుగున ఇనుప చట్రం ఒకటి దింపారట. నీళ్ళలో ఎంత బురద తేలుతోందో వెలుతురు కొట్టి చూసే అద్దం ఒకటి దానికి ఉంది. మూడు నెలల్లో పన్నెండు రోజులు అది విపరీతమైన అంకెలు చూపించింది. అద్దానికి నాచు పట్టి చెడిపోయిందని లోసాదా గారు ఆ పన్నెండు రోజులూ నివేదికలోంచి తీసేయించారు. పైనీళ్ళ కొలతలే ఉంచారు.

"నాచా?" అంది దొసిందా. "పన్నెండు రోజులూ వరసగానా?"

"కాదండీ. అక్కడో రెండు, ఇక్కడో మూడు."

"మా పడవలకీ పడుతుంది నాచు. పట్టిందంటే గీకితేగానీ పోదు. మీ అద్దానికి పట్టిన నాచు సోమవారం పట్టి మంగళవారం ఊడిపోయి, మళ్ళీ వారానికి పట్టిందా? చదువుకున్న నాచన్నమాట."

ఉషియా మొహం ఎర్రబడింది. ఆ ఎరుపు చూడగానే దొసిందాకి అర్థమైపోయింది, ఈ ప్రశ్న ఈ పిల్లకి కొత్త కాదు. ఎప్పుడో తనని తనే అడుక్కుని, జవాబు రాకముందే నోరు మూసుకుంది. ఆవిడకి ఇంజనీరు మీద కన్నా ఆ క్షణాన ఈ పిల్ల మీదే ఎక్కువ ఒళ్ళు మండింది.

"తెలిసే ఊరుకున్నావు."

"నా ఉద్యోగం డిసెంబరు దాకానేనండీ. జీతమిచ్చేది రేవు ఆఫీసే, ఆ తర్వాత పొడిగించాలంటే లోసాదా గారి సంతకం కావాలి."

"మా గుల్లలకి డిసెంబరు దాకా కూడా లేదు."

ఉషియా తల దించుకుని తాడు చుట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది. "రేపు ఉత్తరపు గాలి ఉంది. వస్తారా?"

బుధవారం పాయ నోట్లోకి వెళ్ళారు. గాలి చెవుల్లో ఈల వేస్తోంది. పడవ నడిపేవాడు నీళ్ళలో మునిగి ఉండే కోడిపుంజు రాయి అనే బండ దగ్గర ఇంజను తగ్గించాడు. అక్కడ సముద్రం అడుగు ఒక్కసారిగా గోడలా పైకి లేస్తుంది. ముందుగా ఉషియా పళ్ళెమంత తెల్ల చక్రాన్ని తాడుతో కిందికి వదిలింది. చక్రం కనపడకుండా పోయేదాకా తాడు మీద ముడులు లెక్కపెట్టింది. ఏడు మీటర్లు.

"పైనీళ్ళు అద్దంలా ఉన్నాయి," అంది. "ఆయన చూసేది ఇదే."

తర్వాత సన్నటి పొడుగాటి గొట్టం ఒకటి రెండు చేతుల్తో ఎత్తి నీళ్ళలోకి జారవిడిచింది. దాని మొన మీద ఈగ కాలంత సూది ఉంది. తాడు బిగబట్టకుండా, దానంతట అది పడేలా వదులుతూ పోయింది.

"ఇదేం చేస్తుంది?"

"నీళ్ళు ఎంత వణుకుతున్నాయో చెబుతుంది. వణుకు ఎక్కువుంటే బురద అడుక్కి దిగదు, లేచి తేలుతూనే ఉంటుంది. వణుకు ఆగిన చోట దిగుతుంది."

"మా మేటల మీద ఆగుతుంది."

"అవునండీ," అంది ఉషియా. "మీ మేటల మీద ఆగుతుంది."

ఆ తర్వాత సీసాలు. రెండు వైపులా మూతలు తెరిచిన సీసాని తాడుకి బిగించి అడుగుదాకా దించడం, ఇత్తడి గుండు ఒకటి తాడు వెంట జారవిడవడం, అది వెళ్ళి తగలగానే మూతలు పడడం. దొసిందా అడక్కుండానే తాడు అందుకుంది. చేతికి దెబ్బ తెలిసింది, టక్కుమని. రెండు రోజుల తర్వాత ఆ చేతికి తెలిసిన మొదటి టక్కు అది. పైకి లాగి సీసా ఎత్తి పట్టుకుంటే అందులో నీళ్ళు లేవు, గంజి ఉంది. బూడిదరంగు గంజి. చెయ్యి పెడితే వేళ్ళు జివ్వుమన్నాయి.

"పదమూడు డిగ్రీలు," అంది ఉషియా. "పైన పద్దెనిమిది."

"శుభ్రమైన నీళ్ళు," అంది దొసిందా పళ్ళ బిగువున.

కడలిలోంచి లేచొచ్చిన ఆ చల్లదనం ఆవిడకి పుట్టినప్పటినుంచీ తెలుసు. కాలు పెట్టగానే నవ్వొచ్చే చలి అది. ఆ చల్లనీళ్ళనే బండిలా వాడుకుని రేవువాళ్ళు తమ చెత్త ఆవిడ ఇంట్లోకి మోయిస్తున్నారు. ఇంతకాలం ఆ చలిని దేవుడిచ్చిందని చెప్పుకుంది. కోపంతో ఆవిడ దవడలు నొప్పెట్టాయి.

"ఇది పట్టుకెళ్ళి ఆయన బల్ల మీద పెడితే?"

"ఒక్కరోజు కొలతండీ. ఒక్కరోజుదేం చెల్లుతుందంటారు. ఆ పన్నెండు రోజుల అంకెలు కావాలి."

"తేదీలు చెప్పు నాకు."

"చెప్పకూడదు. ఆఫీసు సొత్తు, బయటపెట్టనని సంతకం పెట్టాను." తాడు చుట్టి పక్కన పెట్టింది. "ఆయనే అందరి ముందూ చదివితే తప్ప."

దొసిందా ఒడ్డు చేరేదాకా సీసా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

గురువారం సంఘం కార్యదర్శి ఎలాదియో ఇంటికే వచ్చాడు, చేతిలో టైపు చేసిన కాగితం. దొసిందా సార్డీను చేపలు కడుగుతోంది.

"ఒక్క సంతకం దొసిందక్కా. గొడవ లేకుండా పోతుంది. నేను రేవు వాళ్ళతో మాట్లాడాను, ఇలా రాస్తే ఆ వాంగ్మూలం పక్కన పెడతారట."

"చదువు. చేతులు తడి."

"'మేము చదువు లేనివాళ్ళం కనుక శుభ్రం అనే మాటని తెలియక తప్పుగా వాడాము. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాము.' అంతే."

దొసిందా చేప పొట్ట చీల్చి, వేలితో లోపలిదంతా ఒక్క లాగుడు లాగింది.

"ఎవరికి తెలియక?"

"అబ్బా, మాటవరసకి..."

"అది మా అమ్మ మాట. మా అమ్మమ్మ మాట. నువ్వు పుట్టిన రోజున మీ అమ్మ మేట మీద నా పక్కనే ఉండి, కాళ్ళు కొంకర్లు పోతుంటే, 'ఇవాళ శుభ్రం' అంది. ఆవిడకీ తెలియకేనా? తెలియంది మాకు కాదు ఎలాదియో. అడిగినవాడికి. తెలియనివాడు అడగాలి గానీ, తెలిసినవాళ్ళు క్షమాపణ చెప్పుకోవడమేంటి?"

"కోపం కాదక్కా ఇప్పుడు కావాల్సింది."

"మరి ఎప్పుడు కావాలి? మేటలు పోయాకా?"

ఎలాదియో కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. దాన్ని తీసి చేపల తలకాయలు చుట్టడానికి ఆవిడకి ఒక్క నిమిషం పట్టలేదు. చుడుతూ ఉండగానే గోడకి మేకుకి వేలాడుతున్న ఆటుపోట్ల పుస్తకం మీద కన్ను పడింది. ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ ఉండేదే అది, జేబులో పట్టేంతది. సముద్రం ఎన్ని గంటలకి తగ్గుతుందో అచ్చువేసి ఉంటుంది. పక్కన ఉన్న ఖాళీలో ఆడవాళ్ళు పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటారు. ఎర్రనీటితో పని మూతపడిన రోజుకి ఇంటూ గుర్తు. ఊరికే పనికి పోయిన రోజుకి ఏమీ ఉండదు. కాళ్ళు కొంకర్లు పోయిన రోజుకి సున్నా, ఆ మర్నాడు ఇంకో జత మేజోళ్ళు తొడుక్కోవాలి కనుక. అంతకుమించి దానికో ఉద్దేశం లేదు.

చేతులు తుడుచుకోకుండానే పుస్తకం తీసి ఏప్రిల్ తిప్పింది. తర్వాత సబేలా ఇంటి తలుపు కొట్టింది.

"నీ పుస్తకం తే. రేపు తీర శాఖ ఆఫీసుకి ప్రతివాళ్ళూ పుస్తకం తెచ్చుకోవాలని చెప్పు."

"రేపు పదకొండింటికి కదే సముద్రం తగ్గేది! పని మానుకుని వస్తారా?"

"వస్తారు."

"ఆ అద్దం చెడిందన్న తేదీలు మన సున్నాలతో కలవకపోతే? మళ్ళీ నీ నోటితో నువ్వే..."

"కలవకపోతే అప్పుడు తిట్టు. చేపలు కూడా పెడతాను, తింటూ తిట్టు."

సబేలా నవ్వాపుకుంటూ పుస్తకం తేవడానికి లోపలికెళ్ళింది. ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. సబేలావి రెండు సున్నాలు తక్కువ. ఆ రెండు రోజులూ పంటి నొప్పితో ఇంట్లో ఉందట.

శుక్రవారం పదకొండింటికి తీర శాఖ ఆఫీసు గదిలో కుర్చీలు చాలలేదు. ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళు, సగంమంది బూట్లతోనే, గోడల వెంబడి నిలబడ్డారు. బయట మేటలు ఎండకి తేలి ఉన్న సమయం అది. బల్ల వెనక అనుమతి మీద సంతకం పెట్టవలసిన అధికారిణి, నెరిసిన జుట్టావిడ, గడియారం చూసుకుంటోంది. ఒక పక్క లోసాదా. కిటికీ దగ్గర ఉషియా, మొహం పాలిపోయి.

"మీ సంఘం ఆ మాట వెనక్కి తీసుకుంటోందని విన్నాను," అంది అధికారిణి.

ఎలాదియో దగ్గాడు. దొసిందా లేచింది.

"లేదండీ. ఉత్తరపు గాలికి మా నీళ్ళు శుభ్రపడతాయి. అదే మాట. కింద మా సంతకాలున్నాయి, ఉండనివ్వండి."

లోసాదా చేతులు చాపాడు, ఇంకేముంది అన్నట్టు.

"అయితే ఈయన్ని ఒక్కటడగాలి. అడుగున పెట్టిన అద్దం పన్నెండు రోజులు చెడిపోయిందట కదా. ఏయే రోజులు?"

లోసాదా చప్పున కిటికీ వైపు చూశాడు. "అది సాంకేతిక విషయమమ్మా. ఇక్కడ అనవసరం."

"అడుగున అద్దం ఉందా?" అంది అధికారిణి. "నివేదికలో లేదే."

"ఉందండీ," అంది ఉషియా. కిటికీ దగ్గర్నుంచి రెండడుగులు ముందుకొచ్చింది. "ఉంది. పెట్టింది నేనే. బురద విపరీతంగా చూపించిన రోజులు తీసేశారు, ఆ జాబితా ఆయన ఫైల్లో ఆఖరి పేజీ."

"చదవండి," అంది అధికారిణి.

లోసాదా ఆఖరి పేజీ తీశాడు. మనిషి మర్యాద పోగొట్టుకోలేదు, గొంతు కూడా సర్దుకున్నాడు.

"ఏప్రిల్ తొమ్మిది."

పుస్తకాల కాగితాలు గలగలమన్నాయి. గోడ పక్కనుంచి ఎవరో అన్నారు, "శుభ్రం." ఇంకో పదిమంది అందుకున్నారు, "శుభ్రం."

"ఇదేమిటి?" అంది అధికారిణి.

"అడుగునుంచి చల్లనీళ్ళు లోపలికొచ్చిన రోజండీ," అంది దొసిందా. "మేం దాన్నలా అంటాం. ఎవరి పుస్తకం వాళ్ళు ఇంట్లో రాసుకున్నది. చూసుకోండి."

పుస్తకం బల్ల మీద పెట్టింది. చేపల తడికి ఏప్రిల్ పేజీ ఉబ్బి ఉంది. అధికారిణి దాన్నీ, పక్కావిడ పుస్తకాన్నీ, ఇంకొకటీ తీసుకుని చూసింది. తర్వాత లోసాదాకి తల ఊపింది.

"ఏప్రిల్ పది."

"శుభ్రం."

"ఏప్రిల్ ఇరవై మూడు."

"శుభ్రం."

"మే నాలుగు, అయిదు, ఆరు."

"శుభ్రం, శుభ్రం, శుభ్రం," అంది సబేలా, వేలితో గీటుతూ, మూడు రోజులకీ తనే.

మే పంతొమ్మిదికి గదంతా ఒకే గొంతయింది. మే ఇరవై ఎనిమిదికి లోసాదా ఆగాడు. మంచినీళ్ళు తాగాడు. "ఇది యాదృచ్ఛికం కావచ్చు," అన్నాడు.

"చదవండి," అంది అధికారిణి. ఆవిడ గడియారం చూసుకోవడం మానేసింది.

జూన్ రెండు. జూన్ పదకొండు. జూన్ పన్నెండు. ఆడవాళ్ళు అరవడం లేదు ఇప్పుడు. మేట మీద బకెట్టులోకి గుల్ల వేసినంత మామూలుగా, ఒక్కొక్క మాటా వేస్తున్నారు.

అధికారిణి అనుమతి కాగితం మడిచి ఫైలు కింద పెట్టింది. "దీని మీద ఇవాళ సంతకం లేదు. అడుగు నీళ్ళ కొలతలన్నీ, తీసేసినవి కూడా, నా దగ్గరికి రావాలి. అవి చూసేదాకా బార్జీ రేవు దాటదు."

గదిలో గోల లేచింది. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో ఎలాదియో వీపు మీద గట్టిగానే చరుస్తున్నారు. లోసాదా పేజీ మూయబోయాడు.

"ఇంకొకటుంది," అంది దొసిందా.

"మీక్కావలసింది అయిపోయింది కదమ్మా."

"పన్నెండన్నారు. పదకొండే చదివారు. మేం పని మానుకుని వచ్చాం. చదవండి."

ఆయన మళ్ళీ తెరిచాడు. "జూన్ ఇరవై."

కాగితాలు గలగలమని, ఆగిపోయాయి. సబేలా తన పుస్తకం చూసుకుని, వదిన మొహం చూసింది. పక్కకి వంగి చెవిలో అంది, "అనెయ్యవే. ఎవరు చూడొచ్చారు!"

దొసిందా బల్ల మీది తన పుస్తకం వెనక్కి తీసుకుంది. జూన్ ఇరవైకి ఎదురుగా ఇంటూ గుర్తు ఉంది, గట్టిగా నొక్కి పెట్టింది. దక్షిణపు గాలి, ఎర్రనీరు, పని మూత. ఆ రోజు ఇంట్లో కూర్చుని దుప్పట్లు ఉతుక్కుంది.

"ఆ రోజు శుభ్రం కాదు," అంది ఇంజనీరు కళ్ళలోకి చూస్తూ. "ఆ ఒక్కరోజూ మీ అద్దానికి నిజంగానే నాచు పట్టి ఉంటుంది. అది కూడా రాసుకోండి."